పందెం మర్నాడు

మా బావగారిది చోడవరం. ఆ ఊరివాళ్ళు తీర్థానికి పిలిస్తే వెళ్ళకుండా వుండడం కష్టం. వెళ్ళినవాడు విస్తరి ముందు నుంచి లేవడం మరీ కష్టం. సంక్రాంతి వెళ్ళిన దగ్గర నుంచి ఉగాది దాటేదాకా ఆ చుట్టుపట్ల ఏదో ఒక పల్లెలో అమ్మవారి తీర్థం జరుగుతూనే వుంటుంది. 2022 ఏప్రిల్‌లో చోడవరాన్ని విశాఖపట్నం జిల్లాలోంచి తీసి కొత్తగా పెట్టిన అనకాపల్లి జిల్లాలో కలిపారు గాని, మా బావగారు చిరునామాలో ఇప్పటికీ విశాఖ జిల్లా అనే రాస్తారు. "జిల్లా మారితే బెల్లం రుచి మారుతుందా?" అని ఆయన వాదన.

చోడవరం అనగానే మీకు స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి గుర్తుకు రావాలి. లేకపోతే ఒకప్పుడు గోవాడ పంచదార ఫ్యాక్టరీకి చెరుకు మోసిన ఎడ్లబళ్ళ బారు గుర్తుకు రావాలి. గుర్రప్పందేలంటే మాత్రం మనకు హైదరాబాదులో మలక్‌పేట, మద్రాసులో గిండీ కళ్ళముందు మెదులుతాయి. సూటూ బూటూ, దుర్భిణీలూ, ఓడిపోయి తల పట్టుకున్న పెద్దమనుషులూ. ఈ ప్రాంతపు పల్లెటూరి తీర్థాలలో కూడా గుర్రాలు పరుగెడతాయని చాలామందికి తెలియదు. ఇక్కడ దుర్భిణీతో పని లేదు. మన కాలి బొటనవేలు తొక్కేటంత దగ్గరగా పోతుంది గుర్రం.

ఈ ఏడు తీర్థానికి నేను వెళ్ళాను. కోత అయిపోయిన మళ్ళలో గట్లు చదును చేసి బాట కట్టారు. అటూ ఇటూ జనం. మైకులో ఒకాయన గుర్రం ఆసామి పేరూ, ఊరూ చదువుతూ, మధ్య మధ్య తప్పిపోయిన పిల్లల ఆనవాళ్ళు కూడా చెబుతున్నాడు. మా బావగారు కమిటీలో పెద్ద. మెడలో విజిలు, జేబులో బహుమతి డబ్బు, మొహంలో రెండు జిల్లాలకు సరిపడే గాంభీర్యం. నేనూ, మా మేనగోడలూ వేపచెట్టు కింద నిలబడ్డాం. దానికి పదకొండేళ్ళు. ప్రశ్నలు అడగడంలో మాత్రం నూట పదకొండు.

వచ్చిన గుర్రాలు మలక్‌పేట గుర్రాలు కావు. పొట్టివి, నాటువి. వీపు మీద జీను లేదు. మడత పెట్టిన గోనెసంచి, దాని మీద పదిహేను పదహారేళ్ళ రౌతు, అతని చేతిలో చెర్నాకోల. అప్పటికి పదకొండున్నర దాటింది. మొదటి విడత సజావుగా జరిగింది. రెండో విడతలో ఒక ఎర్రగుర్రం మలుపు దగ్గర ముందుకాలు మడతపడి తూలింది. పడలేదు. రౌతు రెండు దెబ్బలు వేశాడు. అది కుంటుతూనే గీత దాటింది, అదీ రెండోదిగా. జనం ఈలలు వేశారు. మైకులో "శభాష్" అన్నారు.

"మావయ్యా, గుర్రానికి తను రెండోదిగా వచ్చినట్టు తెలుస్తుందా?" అంది మా మేనగోడలు.

"తెలియదనుకుంటాను."

"మరి కాలు నొప్పెడుతున్నా ఎందుకు పరిగెట్టింది?"

"ఎండగా వుంది, ఇంటికి పోదాం పద" అన్నాను. పెద్దవాళ్ళకు జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడల్లా ఎండ ఎక్కువవుతూ వుంటుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర పిల్ల మజ్జిగన్నం ముట్టుకోలేదు. విషయం బయటపడింది. బావగారి తమ్ముడి కొడుకు విశాఖపట్నంలో చదువుకుంటున్నాడు. అక్కడ 1996 నుంచి మూగజీవాల కోసం పనిచేస్తున్న సంఘం ఒకటి వుంది, విశాఖ జంతు సంరక్షణ సంఘం అని. దాని పనులు దగ్గర నుంచి చూసిన కుర్రాడు. "పెదనాన్నా, ఈ పందేలు ఆపించెయ్యాలి. చట్టం కూడా వుంది" అన్నాడు.

"మా తాతలనాటి నుంచీ జరుగుతున్నవి" అన్నారు బావగారు.

"తాతలనాడు జట్కాలు కూడా వుండేవి."

"అందుకే ఆ గుర్రాలైనా మిగిలాయి" అన్నారు బావగారు. నేను మధ్యలో వున్నాను. మధ్యలో వున్నవాడికి పెరుగు రెండువైపుల నుంచీ వడ్డిస్తారు, ఆ లాభం లేకపోలేదు. అయితే ఆ రాత్రి విన్న వాదన నన్ను వదలలేదు. తరువాత దీని పూర్వోత్తరాలు కొంత తెలుసుకున్నాను. మీకూ చెప్పాలని వుంది.

గుర్రప్పందేల మీద మనవాళ్ళకు కోపం కొత్తది కాదు. మన వారపత్రికల సీరియళ్ళు చదివినవారికి తెలుసు. కథానాయకుడి తండ్రి రేసుల్లో ఇల్లు పోగొట్టకపోతే కథ ముందుకు సాగేది కాదు. కాని గమనించండి, ఆ కోపం గుర్రం తరపున వచ్చినది కాదు. తాకట్టుకు వెళ్ళిన గాజుల తరపున వచ్చింది. తమిళనాడు ప్రభుత్వం 1974లో గుర్రప్పందేల మీద జూదాన్ని రద్దు చేస్తూ చట్టం తెచ్చింది కూడా సంసారాలు పాడవుతున్నాయనే. ఆ తగాదా సుప్రీంకోర్టుకు వెళ్ళి, 1996లో తీర్పు వచ్చింది. గుర్రప్పందెం కేవలం అదృష్టం మీద ఆధారపడ్డ ఆట కాదు, నైపుణ్యంతో కూడినది అని. గుర్రం జాతి, రౌతు నేర్పు, మోసే బరువు, నేల తడీ పొడీ చూసి అంచనా వెయ్యాలి గనుక అది నైపుణ్యమే. ఇన్నేళ్ళ వాదోపవాదాలలోనూ లెక్కకు వచ్చింది పందెం కాసే మనిషి నైపుణ్యం, నష్టం. గుర్రానికి ఏమైనా అయిందా అని అడగడానికి వేరే మనుషులు రావలసి వచ్చింది.

వాళ్ళలో మనకు బాగా తెలిసిన ఆవిడ రుక్మిణీదేవి అరండేల్. కళాక్షేత్రం స్థాపించి నాట్యానికి గౌరవం తెచ్చిన ఆవిడగా అందరికీ తెలుసు. 1952లో రాజ్యసభకు వెళ్ళాక ఆవిడ చేసిన పని అంతమందికి తెలియదు. జంతువులను హింసించడం ఆపాలని సొంతంగా ఒక బిల్లు తెచ్చారు. అప్పటికి వున్నది 1890 నాటి ఇంగ్లీషువాళ్ళ చట్టం. నెహ్రూగారు ఆవిడ మాటను మెచ్చుకుని, ప్రభుత్వమే సమగ్రంగా చట్టం తెస్తుంది, మీ బిల్లు వెనక్కి తీసుకోండి అన్నారు. ప్రభుత్వం మాట నిలబెట్టుకుంది, తీరుబడిగా. 1960లో చట్టం వచ్చింది. 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడింది. మొదటి అధ్యక్షురాలు రుక్మిణీదేవిగారే.

ఆ చట్టంలో మంచి మాటలు చాలా వున్నాయి. జంతువును కొట్టడం, తన్నడం, శక్తికి మించి తోలడం, గాయంతో వున్నదాన్ని పనిలో పెట్టడం నేరం. శిక్ష ఎంతో తెలుసునా? మొదటిసారి పట్టుబడితే పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా జుల్మానా. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే ఇరవై అయిదు నుంచి వంద, లేకపోతే మూడు నెలల జైలు. 1960లో యాభై రూపాయలంటే ఒక చిన్న గుమాస్తా సగం జీతం. తరువాత జీతాలు పెరిగాయి, ఉలవల ధర పెరిగింది, చట్టంలో అంకె మాత్రం అక్కడే నిలబడిపోయింది. పెంచాలని 2022లో కేంద్రప్రభుత్వం ఒక ముసాయిదా తయారుచేసింది.

1965లో బండికి కట్టే పశువుల కోసం విడిగా నియమాలు చేశారు. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. అయిదు గంటలకు మించి ఏకబిగిన తోలకూడదు. వేడి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కట్టనే కూడదు. ముల్లుకర్ర వాడకూడదు. ఇవన్నీ చదివి వినిపిస్తే మా బావగారు, "చెరుకు బళ్ళు నడిచిన రోజుల్లో ఈ కాగితం మాకెవరూ చూపించలేదే!" అన్నారు. ఎద్దుకైతే అసలే చూపించి వుండరు.

ఇక ఎద్దు కథకు వస్తే, అది గుర్రం కథకు ఎలా ముడిపడిందో చూడండి. కేంద్రప్రభుత్వం 2011 జూలైలో ప్రదర్శనలకు వాడకూడని జంతువుల జాబితాలో ఎద్దును కూడా చేర్చింది. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం ముందే వున్నాయి. 2014 మే 7వ తేదీన సుప్రీంకోర్టు నాగరాజా కేసులో తీర్పు చెప్పి జల్లికట్టునూ, ఎడ్లబళ్ళ పందేలనూ ఆపేసింది. ఆ తీర్పులో చెప్పిన కారణాలలో ఒకటి నన్ను ఆకర్షించింది. ఎద్దు ఒడ్డూ పొడుగూ బరువు లాగడానికి ఏర్పడినవి, గుర్రంలాగా పరుగుకు ఏర్పడినవి కావు. కనక పరుగెత్తించడం దాని స్వభావానికి విరుద్ధం అని. తరువాత 2017లో చెన్నై మెరీనా తీరంలో లక్షలమంది కూర్చోవడం, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ తమ సవరణలు చేసుకోవడం, 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తులు ఆ సవరణలు చెల్లుతాయనడం మీకు తెలిసినవే.

ఎద్దు తరపున ఇంత యుద్ధం జరిగిందే, గుర్రం మాటేమిటి? పరుగు దాని స్వభావం కదా అని పక్కన పెట్టారు. నిజమే, గుర్రం పరుగెత్తడానికే పుట్టింది. కాని ఎప్పుడు, ఎంతసేపు, ఏ నేల మీద అన్నది గుర్రం నిర్ణయిస్తే కదా! గుర్రం నడిచేది ఒక్కొక్క కాలికి ఒక్కొక్క వేలి కొన మీద. మనం చిటికెనవేలు గోటి మీద నిలబడి పరుగెత్తినట్టు ఊహించుకోండి. రేసుగుర్రాలను రెండేళ్ళ వయసు నుంచే పరుగుకు దింపుతారు. దాని ఎముకలు పూర్తిగా గట్టిపడడానికి అయిదేళ్ళు పైనే పడుతుంది. కాలు విరిగితే మనలాగా మంచం మీద పడుకోబెట్టడానికి వీలు లేదు. అంత బరువూ మిగిలిన మూడు కాళ్ళ మీద పడి అవీ చెడిపోతాయి. అందుకే రేసుల్లో కాలు విరిగిన గుర్రాన్ని తరచు అక్కడికక్కడే చంపేస్తారు. ఇంకో సంగతి, గుర్రం నోటితో గాలి పీల్చలేదు. ముక్కుతోనే పీల్చాలి. దుమ్ములో పరుగెత్తేటప్పుడు ముక్కుపుటాలు అంత విచ్చుకునేది పౌరుషంతో అనుకునేవాణ్ణి నేను ఇంతకాలం.

పై దేశాలలో జంతు సంరక్షకులు ఈ సంగతులు పట్టుకునే రేసులవాళ్ళ మెడలు వంచారు. నార్వేలో 1982 నుంచే రేసుల్లో గుర్రాన్ని కొరడాతో తొందరపెట్టడం మానిపించారు. అమెరికాలో కాలిఫోర్నియాలోని శాంటా అనీటా మైదానంలో 2018 డిసెంబరు నుంచి 2019 జూన్ లోపల 30 గుర్రాలు చచ్చిపోతే ఊరూవాడా గగ్గోలు పుట్టింది. ఫలితంగా దేశమంతటికీ ఒకే భద్రతా చట్టం 2020లో చేసి, 2022 జూలై నుంచి అమలు పెట్టారు. ఇంగ్లండులో గ్రాండ్ నేషనల్ అని పెద్ద పందెం వుంది, గుర్రాలు కంచెలు దూకుతూ పరుగెడతాయి. 2023లో యువకులు కొందరు మైదానంలోకి చొరబడి పందేన్ని కొన్ని నిమిషాలు ఆపేశారు. వందమందికి పైగా అరెస్టయ్యారు. ఆ పందెంలో ఒక గుర్రం చచ్చిపోయింది కూడా. మరుసటి ఏటి నుంచి నలభై గుర్రాలకు బదులు 34 మాత్రమే పరుగెత్తాలని నిర్ణయించారు. సింగపూరులో పందొమ్మిదో శతాబ్దంలో మొదలైన రేసులు 2024 అక్టోబరు 5తో పూర్తిగా మూతపడ్డాయి. అయితే అది జాలిగుండెల విజయం అనుకోకండి. ప్రభుత్వానికి ఇళ్ళ స్థలాలు కావలసి వచ్చాయి. స్థలం ధర చేసిన పని దయ చేయలేకపోయింది.

ఇంతవరకూ చెప్పినదంతా పందెం జరిగే రోజు సంగతి. మన మేనగోడలి ప్రశ్న తరువాత నాకు పట్టుకున్నది మర్నాటి సంగతి.

రేసుగుర్రం ఆరేడేళ్ళ వయసుకు చాలావరకు పందేలకు పనికిరాకుండా పోతుంది. సరిగా చూస్తే గుర్రం పాతికేళ్ళు పైనే బ్రతుకుతుంది. అంటే మర్నాడు అనేది దాదాపు ఇరవై ఏళ్ళన్నమాట. ఆ ఇరవై ఏళ్ళు అది ఎక్కడ వుంటుంది? అదృష్టం బాగుంటే స్వారీ నేర్పే బడికి పోతుంది, లేకపోతే పెళ్ళి ఊరేగింపులకు. పాముకాటు మందు తయారుచేసే చోట్ల కూడా గుర్రాలే కావాలి. వాటికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, నెత్తురులో పుట్టిన విరుగుడును తీసి మనకు సూదిమందుగా ఇస్తారు. ఫ్రాన్సులో కాల్మెట్ అనే వైద్యుడు 1890 దశకంలో మొదలుపెట్టిన పద్ధతి. చెరుకు తోటల్లో పాముకాటు తిని బ్రతికి బయటపడ్డ ప్రతి మనిషీ ఎక్కడో కట్టుగొయ్య దగ్గర నిలబడ్డ ఒక గుర్రానికి బాకీ.

హైదరాబాదు సంగతి పత్రికల్లో వచ్చింది. మలక్‌పేటలో రేసులు 1886 నుంచి వున్నాయి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ మౌలాలీ నుంచి అక్కడికి మార్పించినది మొదలు. నేను చెప్పేది వేరే పందేల మాట. అక్కడ పరుగెత్తించి, బొమ్మను తెరల మీద విదేశాలకు చూపించి జూదం ఆడించారని జంతు సంరక్షకులు ఆరోపించిన పందేలు. ఆ వ్యవహారం మూతపడ్డాక, 2025 ఏప్రిల్ చివరా మే మొదట్లోనూ 57 గుర్రాలను లారీల మీద మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూరు దగ్గరికి తరలించారు. నడివేసవి. చేరిన కొద్దిరోజులకే ఎనిమిది గుర్రాలు చనిపోయాయి. సంరక్షకులు ఫిర్యాదులు పెట్టారు, సంగతి అక్కడి హైకోర్టుకు ఎక్కింది. వాళ్ళు పట్టుకోకపోతే ఆ గుర్రాల లెక్క ఎవరి పుస్తకంలోనూ వుండేది కాదు. పందెం నడిచినన్నాళ్ళూ ప్రతి గుర్రం పేరూ తెరమీద పడేది. మర్నాటికి అవన్నీ కలిసి "57" అయిపోయాయి.

మనకు దీనికి అలవాటు లేకపోలేదు. సింహాద్రి అప్పన్నకు కోడెదూడను ఇస్తామని మొక్కుకోవడం ఈ జిల్లాల్లో ఇంటింటి మాట. భక్తికేమీ లోటు లేదు. దూడ మెడలో దండ వేసి కొండ దగ్గర వదిలి, దణ్ణం పెట్టి వచ్చేస్తాం. దాని మేత సంగతి మళ్ళీ విశాఖలోని సంఘాలవాళ్ళు అడగవలసి వచ్చింది.

ఇక మర్నాటి ఉదయం. నేను బస్సుకు బయలుదేరుతుంటే మా మేనగోడలు చేతిలో బెల్లం ముక్కతో తయారైంది. ఎర్రగుర్రం ఊరి చివర చెరువు గట్టున వుందని వాకబు చేసి పెట్టుకుంది. ఇద్దరం వెళ్ళాం. వెనక బావగారు కూడా వచ్చారు, బస్సు ఎక్కిస్తాననే నెపం మీద.

గుర్రం మూడు కాళ్ళ మీద నిలబడి వుంది. ముందుకాలు గిట్ట కొన మాత్రం నేలకు ఆనించింది. ఆసామికి అరవై ఏళ్ళుంటాయి. తడిగుడ్డతో కాలు తుడుస్తున్నాడు. ఆయన తండ్రి అనకాపల్లి స్టేషను దగ్గర జట్కా తోలేవాడట. మేనగోడలు బెల్లం చాపింది.

"అరసెయ్యి సాపి ఎట్టమ్మా, ఏళ్ళు ముడిస్తే కొరికీగల్దు" అన్నాడు. గుర్రం పెదవులతోనే తీసుకుంది.

"కాలు వాచింది కదయ్యా" అన్నాను.

"ఔను బాబూ. రేత్రంతా పడుకోనేదు. సాయంత్రం మాడుగుల యేపు పెళ్ళుంది. అడ్వాన్సు తీసీసుకున్నాను. మెల్లిగా నడిపించుకుపోతాను."

నాకు కోపం వచ్చింది. "ఇలా వున్నదాన్ని నిన్న కొట్టి పరిగెట్టించారు, ఇవాళ ఊరేగిస్తానంటావేం? ఇలా అయితే పందేలు ఆపించెయ్యమనరూ?" అన్నాను.

ఆయన గుడ్డ పిండి భుజాన వేసుకున్నాడు. "ఆపీమనండి బాబూ, నాకేటి? పందేనికి ఏడాదికి నాలుగు డబ్బులొస్తాయి, పెళ్ళిళ్ళకి నాలుగొస్తాయి. రోజూ రెండు కేజీల ఉలవలు, తవుడు, గడ్డి, రెండొందల యాబై అవుద్ది. పందేలు ఆపీసినోలు ఉలవలెడతారా? అమ్మీమంటే ఎవులు కొంటారు? కొన్నోడు దీన్ని ఏటి సేస్తాడో నాకు తెల్దా?"

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత. మనం దాన్ని ఎప్పుడూ ఎగతాళిగానే వాడతాం, పనికిరానివాడికి తిండి దండగ అని. ఆ గట్టు మీద నిలబడి వింటే ఎగతాళిగా అనిపించలేదు. గుడ్డిగుర్రానికి కూడా దాణా పెట్టే మనిషి ఎదురుగా వున్నాడు. నిన్న దాని వీపు మీద కొరడా వేయించిందీ ఆ మనిషే. ఈ రెండూ ఒకే చెయ్యి అన్న సంగతి విశాఖలో చదివే మా కుర్రాడి వాదనలోనూ లేదు, మా బావగారి వాదనలోనూ లేదు. పందేలను మాన్పించమనేవాళ్ళు తప్పు చెబుతున్నారని నేను అనను. మధ్యాహ్నపు ఎండలో చెర్నాకోలతో తోలడం ఈ ఏడే, ఈ క్షణమే మానెయ్యవచ్చు, దానికి కోర్టు అక్కరలేదు. పొద్దున్నే పెట్టుకోవచ్చు. పశువుల డాక్టరు కాలు పట్టి చూసి సరేనన్నాకే దింపవచ్చు. కుంటినదాన్ని పక్కకు తీసినవాడికి కూడా బహుమతి ఇవ్వవచ్చు. కాని ఉలవల ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. మేనగోడలు నా మొహం చూస్తోంది. ఎండ అనడానికి అప్పటికింకా ఎండ రాలేదు.

బావగారు ఏమీ అనకుండా ఫోను తీసి పశువుల ఆస్పత్రికి చేశారు. అరగంటలో ఒకాయన స్కూటరు మీద వచ్చాడు. కాలు నొక్కి చూసి, ఎముక విరగలేదు, నరం బెణికింది, పది రోజులు కదపవద్దని కట్టు కట్టాడు. "మధ్యాహ్నం పూట పరిగెట్టిస్తే ఇంకేమవుతుందండీ" అని మా బావగారి వైపు చూశాడు. బావగారు చెరువు వైపు చూశారు.

పెళ్ళివారికి వేరే గుర్రాన్ని కుదిర్చి, అడ్వాన్సు వాళ్ళ మీదకు మార్పించే పని బావగారే ఫోనులో చేశారు. కమిటీ పెద్దరికం దేనికైనా పనికిరావాలి గదా. అంతా అయ్యాక చొక్కాజేబులోంచి తీర్థం లెక్కల పుస్తకం తీశారు.

"పది రోజులకీ ఎంతవుతుందోయ్?"

"రెండువేల అయిదొందలు బాబూ."

నోట్లు లెక్కపెట్టి ఇచ్చారు. పుస్తకం తెరిచి కలం పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. మైకుసెట్టు, షామియానా, భోజనాలు, మొదటి బహుమతి, రెండో బహుమతి, బాణసంచా, కోలాటం జట్టుకు, పూజారిగారికి. పేజీ నిండా ఖర్చుల పద్దులు వున్నాయి.

"ఇది దేని కింద రాయమంటావోయ్?" అన్నారు నాతో.

"గుర్రానికి అని రాయండి నాన్నా" అంది మా మేనగోడలు.

"కమిటీ వాళ్ళు అడుగుతారమ్మా. అలాంటి పద్దు మనకు లేదు" అన్నారు. ఇంతలో నా బస్సు వచ్చేసింది. అద్దంలోంచి చూస్తే ఆయన ఇంకా కలం పట్టుకునే వున్నారు. మొన్న అక్కయ్య ఫోను చేసినప్పుడు అడిగాను. బాణసంచా కింద రాశారట.